ముట్టుకొని చూడండి

చిత్రశాలలో ఉద్యోగానికి చేరే పిల్లలకు మొదటిరోజే నేర్పే మాట ఒకటుంది. ముట్టుకోకండి. నా సర్వీసులో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో చెప్పలేను. బడిపిల్లలతో అన్నాను, పెళ్ళికొచ్చి పనిలో పనిగా మా దగ్గరికీ వచ్చిన చుట్టాల గుంపులతో అన్నాను, బొమ్మలోని మామిడిపండును గోటితో గోకి చూడబోయిన ఒక పెద్దమనిషితో కాస్త గట్టిగానే అన్నాను. అందరూ విన్నారు. రిటైరయ్యే ముందు ఏడాది మాత్రం దానికి సరిగ్గా ఎదురుమాట చెప్పాల్సి వచ్చింది. ముట్టుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది, ముట్టుకొని చూడండి అని. అది ఒక్కరూ వినలేదు.

మీలో కొందరు ర్యాంపుల గురించీ, బ్రెయిలీ పలకల గురించీ ఫోన్లు చేసి అడుగుతుంటారు కనుక ఈ కథ చెబుతున్నాను. ర్యాంపు ఎంత వాలుగా ఉండాలో పుస్తకాల్లో దొరుకుతుంది. ఇది దొరకదు.

మా గ్యాలరీ ఆర్మూర్‌లో, పసుపు బజారును ఆనుకుని ఉన్న ఒక పాత గోదాము. కమిషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణమూ, సొంత పసుపు కల్లాలూ ఉన్న ఒక శేటుగారి కుటుంబం దాన్ని ట్రస్టుకు ఇచ్చింది. గోడలకు ఎన్ని కోట్లు సున్నం వేసినా లోపల పసుపు వాసన పోలేదు. సీజన్లో పొరపాటున కిటికీ తెరిచామంటే సాయంత్రానికి ఫ్రేములన్నింటి మీదా పచ్చటి పొడి. నేను ఇన్‌ఛార్జిని. నా కింద ఒక వాచ్‌మన్. పైన ట్రస్టు అధ్యక్షుడు శేటుగారు, ఆయన పైన ఆయన తల్లి. ఆమెను బజారంతా పెద్దమ్మ అనేవాళ్ళు. శేటుగారు తలుపు రంగు మార్చాలన్నా తల్లిని అడగకుండా మార్చేవాడు కాదు. చూడటానికి వచ్చే జనం అంతంతమాత్రం. ఎండ మండిపోయిన రోజు ఫ్యాన్ల కోసం కొంచెం ఎక్కువ వచ్చేవాళ్ళు.

అలాంటి ఒక మధ్యాహ్నం హాల్లో వాచ్‌మన్ అరుపు వినబడింది. నేను గదిలోంచి వచ్చేసరికి యాభై దాటిన ఒక మనిషి గోడ దగ్గర చేయి చాపి అలాగే నిలబడి ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో తెల్ల కర్ర. పక్కన ఒకమ్మాయి ఆయన మోచేయి పట్టుకుని వాచ్‌మన్‌ను కోపంగా చూస్తోంది. వాచ్‌మన్ నావైపు తిరిగి, బొమ్మ మీద చెయ్యేస్తున్నడు మేడం అన్నాడు.

“నాదే గద మేడం గీ బొమ్మ,” అన్నాడు ఆ మనిషి. గొంతులో దబాయింపు లేదు. తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా అన్నాడు.

అది మా దగ్గరున్న వాటిలో నాకు నచ్చిన బొమ్మ. పసుపు ఉడకబెట్టే కల్లం. వెనక కడాయి, దానిలోంచి లేచే ఆవిరి. ముందు గంప నెత్తిన పెట్టుకుని మనవైపు నడిచి వస్తున్న ఒక ఆడమనిషి. ఎవరో మాస్టారు పోగుచేసి ఇచ్చిన పాత బొమ్మల్లో వచ్చింది. వేసినవాడు మోర్తాడ్ దగ్గరి మనిషనీ, గల్ఫ్‌కు పోయాడనీ మాత్రమే మాకు తెలుసు. గల్ఫ్‌లో రంగుల కంపెనీలో పని చేస్తుండగా ఏదో మందు కళ్ళలో పడిందట. అక్కడి దవాఖానలో ఒక కన్నూ, ఇంటికొచ్చాక రెండో కన్నూ పోయాయి. ఆ అమ్మాయి ఆయన మేనకోడలు. బీడీ కార్ఖానాలో పని.

బొమ్మలో ఏమేమి కనబడుతున్నాయో చెప్పమని నన్ను అడిగాడు. చెప్పాను. ఇన్నేళ్ళు బొమ్మల మధ్య ఉద్యోగం చేసినదాన్ని, కడాయి ఉంది, ఆవిరి ఉంది, ఆడమనిషి ఉంది అని రేషన్ సరుకులు చదివినట్టు చదివాను. మొహం ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. ఆయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు సిగ్గేసింది.

“గంప ఎత్తుకున్నది మా అక్క మేడం. అమ్మా నాయిన లేకుంటె కల్లాలల్ల కూలి చేసి నన్ను సాదింది. నేను ఆడున్నప్పుడు సచ్చిపోయింది, కంపెనీవోళ్ళు రానియ్యలే. కండ్లు పోయినంక ఒక్కొక్క మొగం పోతున్నది. దోస్తుల మొగాలు పోయినయి, పోతే పోనీ. గిది గూడ పోతదేమోనని బుగులైతున్నది.”

ఆ అమ్మాయి తల వంచుకుంది. ఆ అక్క ఈ అమ్మాయికి తల్లి అని అప్పుడు అర్థమైంది. నేను ఆయన చేయి పట్టుకుని, మళ్ళీ వచ్చేసరికి ఈ బొమ్మను నువ్వు ముట్టుకుని చూసేటట్టు చేస్తానని మాటిచ్చాను. ఎలా చేస్తానో నాకే తెలియదు. కోపంలో ఇచ్చిన మాట అది. కోపం వాచ్‌మన్ మీద కాదు. ఆ మనిషిని గోడ దాకా రానిచ్చి, గోడ దగ్గర ఆపే మా పద్ధతి మీద.

శేటుగారు ఒప్పుకోవడం కష్టం కాలేదు. పత్రికలో ఫోటో వస్తుందన్నాను, అంతే. ఒకటి చేసేటప్పుడు అన్నీ చేద్దామని ముందు ర్యాంపు మొదలుపెట్టాం. కట్టిన మేస్త్రీ జీవితమంతా గోదాములకే కట్టినవాడు. హమాలీ బస్తాతో పరుగున ఎక్కే వాలు పెట్టాడు. చక్రాల కుర్చీలో వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి నేనే పైకి తోశాను. సగం ఎక్కాక నా చేయి జారింది. వాచ్‌మన్ కుర్చీతో సహా బజారులోకి వెళ్ళి అరటిపండ్ల బండి దగ్గర ఆగాడు. మళ్ళీ కట్టించాం. కట్టిన మర్నాడే పక్క అడ్తివాళ్ళు దాని మీద పసుపు కొమ్ములు ఆరబోశారు. అంత ఎండ తగిలే చదునైన జాగా బజారులో ఇంకెక్కడుంది మరి. గడప కొట్టేయాలంటే పెద్దమ్మ ససేమిరా అంది. ఆఖరికి గడపకు అటూ ఇటూ చెక్కవాలు పెట్టి ఆమెతో సంధి చేసుకున్నాను. కర్రతో నడిచేవాళ్ళకు దారి తెలిసేలా నేల మీద బొడిపెల పచ్చ పలకలు పరిపించాను.

ఇక బొమ్మ. దాన్నే చెక్క మీద ఉబ్బెత్తుగా చెక్కించి, అసలు బొమ్మ కింద చేతికి అందే ఎత్తులో పెట్టాలని ఆలోచన. ఏర్గట్ల దిక్కున గుళ్ళ తలుపులు చెక్కే ఒక వడ్రంగి దొరికాడు. మంచి పనివాడు. టేకు పలక తెచ్చి, బొమ్మ ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. గీత ప్రతిదీ వేలికి దొరకాలి, సన్నసన్నగా పెడితే కుదరదు, పెద్దగా, లోతుగా పెట్టాలి అని నేను పది రకాలుగా చెప్పాను.

“గట్లయితె ఆవిరి ఎట్ల చెక్కాలె మేడం? ఆవిరి వేలికి దొరుకుతదా?” అన్నాడు.

 నీకు తోచినట్టు చెయ్యమన్నాను. ఆయనకు తోచింది గుడి తలుపు. ఆవిరి తల వెనక వంపు తిరిగిన తోరణమైంది. గంపలో కుప్పగా ఉన్న కొమ్ములు కిరీటమయ్యాయి. కళ్ళు పెద్దగా పెట్టమన్నది నేనే. వాళ్ళ తాతల నాటి నుంచి ఆ ఇంట్లో పెద్ద కళ్ళంటే ఒకే రకం, అమ్మవారివి. పలక తెచ్చి నిలబెట్టినప్పుడు నేను కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమాను. అన్నీ దొరికాయి. పొంగిపోయాను. కళ్ళు తెరిచి చూసి ఉంటే బాగుండేది.

పలకను జనానికి చూపడం మొదలుపెట్టే రోజు పెద్దమ్మ వచ్చింది. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే ఏం చేస్తామో ఆమె అదే చేసింది. కొత్త స్కూటరుకు పెడతాం, కొత్త బీరువాకు పెడతాం, బోరు మోటారుకూ పెడతాం. పలకకు ఇంత పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చేతులు జోడించింది. చేతులు జోడించేటప్పుడు ఒకసారి ఆ మొహాన్ని చూసింది. ఇంకోసారి చూసింది. అక్కడే అయిపోయింది.

మర్నాడు బజారు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి పసుపు రాసి వెళ్ళారు. నేను తడిగుడ్డతో తుడిపించాను. ఆ మరుసటి రోజు ఇంకొందరు. ఆ వారం పసుపు ధర ఎందుకో కాస్త లేచింది. ఎందుకో అని నేనంటున్నాను గానీ బజారులో ఎవరికీ అనుమానం లేదు. శుక్రవారం నాటికి కొబ్బరికాయలొచ్చాయి. తుడవబోయిన వాచ్‌మన్‌ను ఆపారు. తర్వాత వాచ్‌మనే తుడవనని నాకు చెప్పేశాడు, ఇంట్లో చిన్నపిల్లలున్నరు మేడం అన్నాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. మా దగ్గర దైవం హాల్లో వెలిసి మరీ తలిచింది.

‘ముట్టుకొని చూడండి’ అని నేను రాయించిన బోర్డు ఒకరోజు కనబడలేదు. దాని చోట ‘చెప్పులు విడిచి రండి’ అని ఉంది. చెప్పులు ఎక్కడ విడుస్తారు? ర్యాంపు మీద. పచ్చ పలకల మీద. మామిడిపల్లి నుంచి చక్రాల బండి మీద వచ్చిన ఒకాయన ఆ చెప్పుల కుప్ప దాటలేక కింది నుంచే వెనక్కి వెళ్ళిపోయాడట. నాకు తర్వాత తెలిసి ఒళ్ళు మండిపోయింది. ఇంకో వారానికి పలక చుట్టూ ఎర్ర తాడు కట్టారు. ఎవరూ ముట్టకూడదని.

శేటుగారి అడ్తికి వెళ్ళి గొడవపడ్డాను. ఆయన ముందు నవ్వాడు. ఇన్నాళ్ళు జనం లేరని నేనే ఏడ్చేదాన్ననీ, ఇప్పుడొస్తుంటే ఏడవడమేమిటనీ అన్నాడు. ముందు హాలును గుడిగా చేసి, బొమ్మలన్నీ పై అంతస్తుకు మార్చాలని కమిటీ అనుకుంటోందని కూడా చెప్పాడు. పై అంతస్తుకు ఇనుప మెట్లు తప్ప ఇంకో దారి లేదు. ఇన్ని నెలల పనీ ఒక్క మాటతో పోతోంది. అప్పుడు నేను ఆ చూపులేని మనిషి సంగతీ, గంప ఎత్తుకున్నది ఆయన అక్క అన్న సంగతీ చెప్పాను. శేటుగారి మొహంలో నవ్వు పోయింది. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

“గీ మాట ఈడ్నే ఉండనియ్యిండ్రి మేడం. కూలామె బొమ్మ అని బజార్ల తెలిస్తె ఏమైతదో మీకెరుకనా? నెలసంది పసుపు పెట్టిండ్రు, ముడుపులు కట్టిండ్రు. మా అమ్మ ఉపాసం ఉంటున్నది. కొరివితోని తల గోక్కుంటరా?”

వడ్రంగిని ఇంకో పలక చెక్కమని బతిమాలాను. ఆయనకు పని మీద పేరొచ్చిన సంతోషం ఒకవైపు, భయం ఒకవైపు. అమ్మ ఒకసారే దిగుతది, రెండోసారి పిలిస్తే కోపానికొస్తది అని ఫోన్ పెట్టేశాడు.

ఇది ఇలా ఉండగా మేనకోడలు ఫోన్ చేసింది. పలక పెట్టినప్పుడు సంబరంగా కబురు పంపింది నేనే కదా. శుక్రవారం వస్తామంది. శుక్రవారమా, జనం ఎక్కువుంటారమ్మా, ఇంకోరోజు చూసుకోరాదా అన్నాను. కార్ఖానాకు సెలవు ఆ రోజే అంది. కొంచెం ఆగి, మామ రాత్రుళ్ళు గాలిలో వేళ్ళు తిప్పుతున్నాడని చెప్పింది. ఏం చేస్తున్నవు మామా అంటే, గీత మర్సిపోతున్న బిడ్డా, యాదికి తెచ్చుకుంటున్న అంటాడట. రండి అన్నాను. ఇంకేమనగలను? ఇక్కడి సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శుక్రవారం జనం రాకముందే పని కానిచ్చేద్దామని వాళ్ళను మొదటి బస్సుకు రమ్మన్నాను. తాళంచెవి నా దగ్గరుంది. వాళ్ళు వచ్చేలోపు పలక తుడిచేద్దామని తడిగుడ్డా, బ్రష్షూ సంచిలో పెట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన రాగి చెంబు నిండా నీళ్ళు. ఒడిలో పసుపు, కుంకుమ, పూలు. ఇంత పొద్దుగాల వచ్చినవా బిడ్డా, నీక్కూడ అమ్మ కలలకొచ్చిందా అని అడిగింది. సంచి వెనక్కి పెట్టుకుని తలుపు తీశాను.

బస్సు ఆలస్యమైంది. జనం వచ్చారు. హాల్లో అగరొత్తుల పొగ కమ్మేసింది. గోడల మీది నా బొమ్మల వైపు ఒక్కరూ చూడటం లేదు. నేను గుమ్మం దగ్గరే నిలబడి బస్టాండు దిక్కు చూస్తున్నాను. రావద్దనే కోరుకున్నాను, నిజం చెప్పొద్దూ. బస్సు చెడిపోతే బాగుండనుకున్నాను.

వాళ్ళు వచ్చారు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ర్యాంపు దగ్గర ఆయన కర్ర చెప్పుల్లో ఇరుక్కుంది. నేను దిగి కాలితోనే చెప్పులు పక్కకు నెట్టాను. కర్రకు పచ్చ పలకల బొడిపెలు తగిలాయి. మస్తు చేయించిండ్రు మేడం అన్నాడు.  లోపలికి రాగానే ఆగిపోయి గాలి పీల్చాడు.

“గుడికి తీస్కొచ్చినవా బిడ్డా?” అన్నాడు మేనకోడలితో.

జనం దారిచ్చారు. కండ్ల కోసం మొక్కనీకి వచ్చిండు పాపం అని ఎవరో ఆడమనిషి అంటోంది. ఆ అమ్మాయి పలకను చూసింది. పైనున్న అసలు బొమ్మను చూసింది. తాడును చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది.

పెద్దమ్మ పలక పక్కనే పీట మీద కూర్చుంది. ఆయన చేయి పట్టి తీసుకొస్తున్న నన్ను చూసి, దూరం నుంచే మొక్కుమను బిడ్డా, ముట్టొద్దు అంది.

“పలక ఈయన కోసమే చేయించినం పెద్దమ్మా. ఈయన ముట్టుకుంటెనే కనపడుతది,” అన్నాను.

 శేటుగారు ఎక్కణ్నుంచో తోసుకుంటూ వచ్చి, వద్దు మేడం, ఇయ్యాల వద్దు అని నా చెవి దగ్గర అన్నాడు. వెనక నుంచి ఒక గుమాస్తా, ఎవరు పడితే వాళ్ళు ముట్టనీకి ఇదేమన్న ఎగ్జిబిషనా అని గొణిగాడు. ఎగ్జిబిషనే నాయనా అని అరవాలనిపించింది. అరవలేదు. తాడు పైకెత్తాను.  ఆ తాడు మళ్ళీ ఎవరూ కట్టలేదు. గుడి మాట కూడా తర్వాత ఎవరూ ఎత్తలేదు. చాన్నాళ్ళ దాకా పలక కింద అప్పుడప్పుడు ఒక నిమ్మకాయ దొరికేది, అంతే. కానీ ఆ క్షణంలో అవేవీ నాకు తెలియవు. వీళ్ళు ఈయన్ను ఒక్క దెబ్బ వేసినా అది నా వల్లే అన్నది ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. ఆయన కుడిచేతిని తీసుకుని పలక మీద పెట్టాను.

ఆయన వేళ్ళు మెల్లగా కదిలాయి. పైకి పోయాయి, కిందికి వచ్చాయి. మళ్ళీ పైకి పోయాయి. నుదురు ముడిపడింది.

“ఏడున్నది మేడం? గీడ ఏం లేదు గద,” అన్నాడు.

నెల రోజుల పసుపు. పొర మీద పొర గట్టిపడి గీతలన్నీ పూడిపోయాయి. కళ్ళున్నవాళ్ళకు పచ్చగా మెరిసిపోతున్న ఆ మొహంలో ఆయన వేలికి దొరకడానికి ఒక్క గీత లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసి, ఇన్నాళ్ళు ఎదురుచూడనిచ్చి, ఆ మనిషికి మళ్ళీ ఒక గోడనే చూపించాను.

ఆయన వేలు వాసన చూసుకున్నాడు. పసుపా అన్నాడు. మేనకోడలు అవునంది. ఎందుకు పెట్టారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. జర నీళ్ళు ఇప్పియ్యిండ్రి అన్నాడు.

“నీళ్ళెందుకు కొడుకా?” అంది పెద్దమ్మ.

“కడుగుతనమ్మా. గీ బొమ్మ గీసింది నేనే. కడిగితె కనపడుతది.”

పెద్దమ్మకు ఆ సంగతి తెలియదు. కొడుకు వైపు చూసింది. శేటుగారు కాదనలేక తల ఊపాడు.  ఇయ్యాల అభిషేకం గాలే, గీసినోడు చేస్తె తప్పేంది అని చివరికి ఆమే తేల్చింది. చెంబు ఎత్తి, ఆయన వేళ్ళ మీదుగా నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది. జనం చేతులు జోడించారు.

పచ్చటి నీళ్ళు పలక మీది నుంచి నేల మీదికి కారుతున్నాయి. ఆయన రెండు చేతులతో రుద్దుతున్నాడు. గట్టిపడ్డ చోట గోటితో గీస్తున్నాడు. ముందు గంప అంచు దొరికింది. గంప అన్నాడు. కొమ్ములు దొరికాయి. తల వెనక తోరణం దగ్గర ఆగి, గిదేంది అని అడిగాడు. ఆవిరి అన్నాను. నవ్వాడు. నుదురు, ముక్కు. కళ్ళ దగ్గరికొచ్చాయి వేళ్ళు.

“గింత పెద్ద కండ్లేంది మేడం? మా అక్కకు గింత కండ్లు యాడివి?”

మెల్లగానే అన్నాడు. కానీ అందరికీ వినబడింది. జోడించిన చేతులు కొన్ని కిందికి దిగాయి. అక్క అంటుండేంది అని ఎవరో అన్నారు. పై బొమ్మలోని గంప చూసి కూలామెనా అని ఇంకెవరో. శేటుగారు గోడవైపు తిరిగిపోయాడు. పెద్దమ్మ చెంబు పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయింది. ఏ అక్క కొడుకా అంది.

ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. వేళ్ళు ఎడమ చెంప మీదికి జారి, దవడ దగ్గర ఒక చిన్న గుంటలో ఆగాయి. అసలు బొమ్మలో అక్కడొక ముదురు మరక ఉండేది. నీడ అనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు. వడ్రంగి ఎందుకో దాన్ని వదలకుండా చెక్కాడు. ఆయన వేలు ఆ గుంటలోనే ఉండిపోయింది.

“ఉన్నది బిడ్డా,” అన్నాడు మేనకోడలితో. “మచ్చ ఉన్నది. అక్కనే.” తర్వాత పెద్దమ్మ గొంతు వినబడిన వైపు తిరిగాడు. “మీ కల్లంలనే కూలికొచ్చేదమ్మా. కడాయి మూత తీస్తుంటె ఆవిరి కొట్టింది.”

పెద్దమ్మ తల ఎత్తి, గోడ మీది అసలు బొమ్మను చూసింది. నాకు తెలిసి ఆమె దాన్ని చూడటం అదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

“దవడ కాలినామెనా,” అంది. “గానాడు ఇంత పసుపు పూసి ఇంటికి తోలినం. తెల్లారి మళ్ల పనికొచ్చింది.” చెంబు కింద పెట్టింది. ఎవరితోనూ కాదు, తనలో తాను అన్నట్టు అంది: “గామెకు నేనెన్నడు బొట్టు పెట్టలే.”

 ఆమె పీట మీద నుంచి కష్టంగా లేచింది. ఆ అమ్మాయి ఎవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. అదే మొహం గోడ మీద ఉండనే ఉంది. కుంకుమ భరిణె తీసి, వేలికి అద్దుకుని, ఆ అమ్మాయి నుదుటి వైపు చేయి చాపింది. 

ఆ అమ్మాయి ఒక చేత్తో మామ మోచేయి పట్టుకుని ఉంది. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. గంప, నుదురు, ముక్కు, చెంప. పెదాలు కదులుతున్నాయి. ఆ అమ్మాయి ఆయన వేళ్ళ మీది నుంచి కళ్ళు తిప్పకుండానే అంది.

“జర ఆగుండ్రమ్మా. మామ చూస్తుండు.”

పెద్దమ్మ వేలి మీద కుంకుమతో ఆగింది. మేమందరం ఆగాం.